వాయిదాల వ్యాయామం

ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మీదుగా పోయే 30వ నంబరు జాతీయ రహదారి అంచున, తెల్లారకముందే, లారీల హారన్ల మధ్య కుర్రాళ్లు పరిగెడుతూ కనిపిస్తే యువతకు ఆరోగ్యం మీద ధ్యాస పెరిగిందని మురిసిపోకండి. ఆపి అడగండి. ‘ఈవెంట్స్ అండీ’ అంటారు, అంటే దేహదారుఢ్య పరీక్షలు. కానిస్టేబుల్ ఉద్యోగం కావాలంటే మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో కొట్టాలి మరి.

కుర్రకారు ఒళ్లు వంచేలా చేయాలని ప్రభుత్వాలు పడని పాట్లు లేవు. 2023 డిసెంబరు 26న ‘ఆడుదాం ఆంధ్రా’ మొదలైంది. క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్. గ్రామ, వార్డు సచివాలయం స్థాయి నుంచి విశాఖ ఫైనల్స్ దాకా పోటీలే పోటీలు. ఆడేవాళ్లే కాదు, చూసేవాళ్లు కూడా పేర్లు నమోదు చేసుకోవచ్చన్నారు. కూర్చోవడానికీ రిజిస్ట్రేషన్ ఉన్న క్రీడోత్సవం ఇంకెక్కడైనా ఉందా? ఆటలు ఫిబ్రవరితో సరి. కిట్ల నాణ్యత మీద విమర్శలు, ప్రభుత్వం మారాక విజిలెన్స్ విచారణ మాత్రం రెండో ఇన్నింగ్స్ ఆడాయి.

తర్వాత యోగాంధ్ర వచ్చింది. 2025 జూన్ 21న విశాఖ తీరంలో 3 లక్షల మందికి పైగా ఒకేసారి ఆసనాలు వేశారు. గిన్నిస్ రికార్డు దక్కింది. జూన్ 22న ఎంతమంది చాప పరిచారో లెక్కపెట్టడానికి గిన్నిస్ వాళ్లు ఆగలేదు.

ఇంతకీ యువతను ఏళ్ల తరబడి, రోజూ పరిగెత్తించిన పథకం ఏదైనా ఉందంటే అది పోలీసు నియామకమే. 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో నోటిఫికేషన్ ఇచ్చారు. 2023 జనవరి 22న ప్రిలిమ్స్ అయింది. ఈవెంట్స్ రేపో మాపో అన్నారు. రేపూ రాలేదు, మాపూ రాలేదు. కోర్టు కేసులొచ్చాయి, ఎన్నికలొచ్చాయి, ప్రభుత్వమే మారింది. ఎట్టకేలకు 2024 డిసెంబరు 30న ఈవెంట్స్ మొదలయ్యాయి. ఈ దాదాపు రెండేళ్లూ అభ్యర్థి పరుగు మానడానికి లేదు. మానిన మర్నాడే తేదీ ప్రకటిస్తే? టీషర్టు లేదు, బ్రాండ్ అంబాసిడర్ లేడు, ప్రారంభోత్సవంలో జ్యోతి ప్రజ్వలన అసలే లేదు. అయినా పరిగెత్తారు. ఫలితాలు 2025 ఆగస్టులో వచ్చాయి.

ఉద్యోగం కోసం పరుగు సరే, ఆరోగ్యం కోసమైతే పిల్లలకు రోజుకు సగటున గంటసేపు ఒళ్లు అలిసే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 11 నుంచి 17 ఏళ్ల వాళ్లలో ప్రపంచవ్యాప్తంగా 81 శాతం మందికి అది లేదని 2019లో ఆ సంస్థ నిపుణులే లెక్క తేల్చారు. మన బడుల్లో ఆ గంట టైమ్‌టేబుల్లో భద్రంగానే ఉంటుంది. సిలబస్ మిగిలిపోయిన లెక్కల మాస్టారు చాక్‌పీసుతో అందులోకి అడుగుపెడతారంతే. విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలంటుంది గానీ ఆ చట్టం ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. ఇంటర్ కుర్రాడికి అపార్ట్‌మెంట్ లాంటి కాలేజీలో మెట్లెక్కడమే వ్యాయామం. లిఫ్టు ఉంటే అదీ లేదు. ఇక ఆడపిల్ల హైవే మీద పరిగెత్తిందో, సాయంత్రానికల్లా ఊరంతా ఆరా తీస్తుంది.

ఎ.కొండూరులో ఇంకో చిక్కుంది. ఇది నవ్వే సంగతి కాదు. ఈ మండలం తండాల్ని కిడ్నీ జబ్బులు ఏళ్లుగా పీడిస్తున్నాయి. అనుమానమంతా బోరు నీళ్ల మీదే. పైపుల్లో కృష్ణా నీళ్లు తేవాలన్న పథకం పుట్టింది అందుకే. పరిగెత్తండి, ఆడండి అని ఇక్కడికొచ్చి ఉపన్యాసం ఇచ్చే పెద్దలు మర్చిపోయేది ఒకటుంది: పరిగెత్తినవాడికి దాహమేస్తుంది.

కాబట్టి అధికారులకు మనవి. ఈసారి యాపులు, క్యూఆర్ కోడ్‌లు పంపకండి. బడి మైదానాన్ని సాయంత్రం పూట ఊరి పిల్లలకు వదలండి, అందులో ఆడపిల్లలకంటూ ఒక గంట కేటాయించండి, గేటు పక్కన కృష్ణా నీళ్ల కుళాయి ఒకటి పెట్టించండి. ఇదంతా మీవల్ల కాదంటారా, కనీసం ఇంకో కానిస్టేబుల్ నోటిఫికేషనైనా ఇవ్వండి. ఇచ్చి, ఈవెంట్స్ వాయిదా వేయండి.