పుణ్యం కలిపిన పామాయిల్

మా ఊరి పేరు ఓడలరేవు. పేరులో ఓడలున్నాయి, రేవూ ఉంది. వైనతేయ నది సముద్రంలో కలిసే చోట నిలబడితే వేటపడవలు కనిపిస్తాయి, ఓఎన్జీసీ టెర్మినల్ కనిపిస్తుంది. సముద్రంలోంచి గ్యాసొస్తుంది, అదీ గొట్టాల్లో. ఓడ మాత్రం రాదు. పేరొకటి, సరుకొకటి అన్న విద్య మాకు ఉగ్గుపాలతోనే అబ్బింది. అందుకే గల్ఫ్ నుంచి మేనల్లుడు తెచ్చిన బిస్కెట్ ప్యాకెట్ వెనక పామాయిల్ ముద్రా, దాని పక్కన ‘మిక్స్‌డ్’ అన్న మాటా చూడగానే చుట్టం కనబడినట్టయింది.

ఆ ముద్ర వేసేది రౌండ్‌టేబుల్ ఆన్ సస్టైనబుల్ పామాయిల్. 2004లో పుట్టింది. తోటల వాళ్లు, మిల్లుల వాళ్లు, సబ్బుల కంపెనీలు, పర్యావరణ సంఘాలు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. నియమాలు చెడ్డవేం కావు. 2018లో సవరించాక అడవి కొట్టి తోట వేయడానికి వీల్లేదన్నారు. చిక్కంతా ట్యాంకు దగ్గర. అడవి ముట్టని నూనె పది డబ్బాలు, ఎక్కడిదో తెలియని నూనె తొంభై డబ్బాలు ఒకే ట్యాంకులో పోయొచ్చు. బయటికొచ్చిన నూరింటిలో ఏవో పదింటికి ‘మిక్స్‌డ్’ ముద్ర. లెక్క తప్పలేదుగా!

అంతకంటే సుకుమారమైన పద్ధతి క్రెడిట్లు. నూనె ఎక్కడైనా కొనుక్కో, సుమత్రాలో మంచి తోట పెంచినవాడి దగ్గర పుణ్యం విడిగా కొనుక్కో. ఏకాదశి నాడు పక్కింటాయన పస్తుంటే మనం ఆయనకి డబ్బిచ్చి పుణుకులు తిన్నట్టు.

సాయంత్రం బీచ్ దగ్గర బజ్జీల బాబాయిని అడిగాను. “ఈ నూనె ఏ అడవిది బాబాయ్?”

“అడవేంటండి? కాకినాడ నూనె, ఆయ్.”

మాకు రాని ఓడలు అక్కడికే వెళ్తాయి మరి. బోర్నియో, సుమత్రా అన్నీ కాకినాడ చేరి, రిఫైనరీలో స్నానం చేసి ఒకే రంగుకొస్తాయి. బాబాయి ట్యాంకు దాకా తెలుసన్నాడు, దాని వెనక తెలుసని బుకాయించలేదు.

ప్రపంచంలో పామాయిల్ అందరికంటే ఎక్కువగా దిగుమతి చేసుకునేది మనమే. ఏడాదిని బట్టి 75 లక్షల నుంచి కోటి టన్నుల దాకా. 2025 మే 30న ముడి పామాయిల్ మీద మూల సుంకం 20 నుంచి 10 శాతానికి దిగింది. ముడినూనెకో రేటు, శుద్ధి చేసినదానికో రేటు. అడవి కొట్టిన నూనెకి వేరే గడి లేదు. యూరప్ వాళ్లు 2023లో చట్టమే చేశారు, 2020 డిసెంబరు తర్వాత నరికిన నేల సరుకు రానివ్వమని. అమలు ఒకసారి వాయిదా పడింది, మళ్లీ పడింది. మంచి ముహూర్తం కుదరాలి కదా.

పోనీ పామాయిల్ మానేద్దామా? హెక్టారుకి మూడు నాలుగు టన్నుల నూనె ఇచ్చే చెట్టుని వదిలి అర టన్ను సోయాని నమ్ముకుంటే ఇంకా ఎక్కువ నేల కావాలి. అందుకే 2021లో కేంద్రం 11,040 కోట్లతో స్వదేశీ పామాయిల్ మిషన్ పెట్టింది. పెదవేగి వైపు మొక్కజొన్న చేలల్లో వేసిన తోటకి అడవి పాపం అంటదు (బోరు లోతు అడక్కండి, పాపాలన్నీ ఒకే రోజు లెక్కేయకూడదు). కానీ ఆ మిషన్‌కి ఈశాన్య రాష్ట్రాల మీదా అండమాన్ మీదా ప్రత్యేక మక్కువ. అడవి కూడా స్వదేశీ అయితే ఆత్మనిర్భరత పరిపూర్ణం.

పెదవేగి రైతు గెలలు ఫ్యాక్టరీకి తోలితే తూకం చీటీ ఇస్తారు. గెల ఎవరిదో మిల్లు గేటు దగ్గర తెలుస్తూనే ఉంది. ఆ చీటీ నూనెతో పాటు ప్యాకెట్ దాకా ఎందుకు రాదంటే ఖర్చంటారు. ముద్రకి మాత్రం ఖర్చు పెట్టగలరు.

“పామాయిల్ వద్దంటే కొబ్బరినూనెతో వేయమంటారా?” అన్నాడు బాబాయి. చుట్టూ కొబ్బరితోటలే అయినా మాకది తలకే గానీ మూకుట్లోకి రాదు. వద్దన్నాను. ఐదు బజ్జీలు పెట్టాడు. ప్రపంచ పామాయిల్‌లో ముద్ర పడింది ఐదో వంతు దగ్గర కదా, ఈ ఐదింటిలో బాధ్యత గల బజ్జీ ఏదా అని వెతికాను. తేల్చేలోపు చల్లారిపోయాయి.