కవరురత్న పద్య వ్యాఖ్య

మూలము

చేయి తగులలేదు చెమట యంటనె లేదు
సంచిలోనఁ బడిన జాడ లేదు
ఊరు దాటకుండ నుత్తరమ్మును లేక
కవరు రత్నమయ్యెఁ గనుడు జనులు

అవతారిక

కర్త పేరు చెప్పను. బతికున్న కవి పేరు చెబితే ఆయన తిరిగి మనమీద వ్యాఖ్య రాస్తాడు. శ్రీహరికోటలో రాకెట్టు ఎగిరిన రోజున ప్రత్యేక ముద్ర వేయించుకున్న కవరు ఒకటి సూళ్లూరుపేటలో ఒక ప్రదర్శన బల్ల మీద ప్లాస్టిక్ తొడుగులో కొలువై ఉంది. దాని పాదాల దగ్గర నల్ల అట్ట మీద బంగారు సిరాతో ఈ ఆటవెలది. గణాలు సరిపోయాయి, యతి కుదిరింది. తప్పు ఉన్న పద్యాన్ని నవ్వి వదిలేయవచ్చు. తప్పు లేని పద్యానికే టీక రాయాలనిపిస్తుంది.

మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నవాడు మన మెదకు సీమ కొలిచెలమ మల్లినాథసూరి. కాళిదాసుకు ఆ నియమం సరిపోయింది. కవరుకు సరిపోదు. ఇక్కడ మూలమే లేదు. లోపల ఉన్నది ఉత్తరం కాదు, మూలలు వంగకుండా పెట్టిన ఖాళీ అట్టముక్క. కాబట్టి ఈ వ్యాఖ్యాత రెండు నియమాల నుంచీ విముక్తుడు.

టీక

చేయి, చెమట, సంచి, ఊరు అన్న మాటలకు అర్థాలు ఇవ్వను. అవి తెలియనివారు ఇంతదూరం చదవరు. 'జనులు' ఎవరన్నది మాత్రం చెప్పాలి: ఆ పూట ఆ గదిలో నేనూ, ఫ్యాను కింద కునికిపాట్లు పడుతున్న కాపలా మనిషీ.

'చేయి తగులలేదు' నిజమే. సంగ్రాహకుడు తపాలా బిళ్లను వేళ్లతో ముట్టడు, పట్టకారుతో పడతాడు. అంతరిక్ష తపాలాకు ఒక శాస్త్రం కూడా ఉంది. ముద్రలోని ఊరు ప్రయోగం జరిగిన చోటుది కావాలి, ముద్రలోని తేదీ ప్రయోగం జరిగిన తేదీ కావాలి. ఈ రెండూ కుదిరితే కవరు పవిత్రం. అది ఎక్కడికైనా వెళ్లిందా, ఎవరికైనా అందిందా అన్నవి శాస్త్రం అడగని ప్రశ్నలు. కౌంట్‌డౌన్ మధ్యలో ప్రయోగం వాయిదా పడితే శాస్త్రవేత్త మర్నాటికి తేరుకుంటాడు. తేదీ తప్పిన కవర్ల కట్టతో సంగ్రాహకుడు తేరుకోవడానికి ఇంకా కొంత కాలం పడుతుంది.

అలాంటి రోజున కౌంటరు దగ్గర ముద్ర వేసే తీరు చూడాలి. పసిపిల్లకు బొట్టు పెట్టినంత జాగ్రత్తగా, వలయం చెదరకుండా, సిరా అలుక్కోకుండా వేస్తారు. తప్పు పట్టడం లేదు. కానీ నేను నిజంగా ఒక మనిషికి నిజంగా ఒక ఉత్తరం రాసి ఒక పోస్టాఫీసుకు తీసుకెళితే, బిళ్లలు అయిపోయాయంటారు. కంప్యూటరు నుంచి తెల్ల చీటీ ఒకటి ఊడిపడుతుంది, దాన్ని వంకరగా అతికిస్తారు. ఎక్కడో దొరికిన బిళ్ల అంటించి డబ్బాలో వేస్తే అవతలి మనిషికి దాని మీద బాల్‌పెన్ను గీతతో చేరుతుంది. ఎక్కడికీ వెళ్లని కవరుకు పూర్ణచంద్రుడి లాంటి ముద్ర, వెళ్లే ఉత్తరానికి గీత. ఈ వాక్యం టీకలో భాగం కాదు, పొరపాటున దూరింది. పాఠకులు దీన్ని ప్రక్షిప్తంగా భావించి ముందుకు సాగాలి.

'సంచిలోనఁ బడిన జాడ లేదు.' సంచి మాట వచ్చింది గనుక ఆస్ట్రేలియా గురించి కొంచెం చెప్పాలి. కొంచెమే.

1901 జనవరి 1న ఆరు వలస రాజ్యాలు కలిసి ఆస్ట్రేలియా ఒక్క దేశమైంది. అదే ఏడు మార్చి 1న ఆరు తపాలా శాఖలూ కేంద్రం కిందికి వచ్చాయి. ఇక దేశమంతటికీ ఒకే బిళ్ల వస్తుందని ఎవరైనా అనుకుంటారు. రాలేదు. న్యూ సౌత్ వేల్స్ బిళ్ల న్యూ సౌత్ వేల్స్‌లో, విక్టోరియా బిళ్ల విక్టోరియాలో. సిడ్నీలో కొన్న బిళ్ల మెల్‌బోర్న్‌లో చెల్లదు. కారణం దేశభక్తి లోపం కాదు, పద్దులు. తొలి ఏళ్లలో ఏ రాష్ట్రంలో వచ్చిన రాబడి, ఏ రాష్ట్రానికి అయిన ఖర్చు విడివిడిగా లెక్కగట్టి, మిగులు ఆ రాష్ట్రానికే ఇవ్వాలని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ఒకచోట అమ్మిన బిళ్ల ఇంకోచోట వాడితే ఆ పెన్నీ ఎవరి ఖాతాలో వేయాలి? జెండా కలిసింది గానీ చిల్లర కలవలేదు.

ఆ పద్దుల గడువు తీరాక 1910 అక్టోబరు 13 నుంచి ఏ రాష్ట్రపు బిళ్ల అయినా ఎక్కడైనా చెల్లుతుందన్నారు. 1911 మే 1 నుంచి మామూలు ఉత్తరానికి దేశమంతా ఒక్క పెన్నీ అన్నారు. మొత్తం దేశానికి ఒకే బిళ్ల మాత్రం 1913 జనవరి 2 దాకా రాలేదు. ఈ మధ్యకాలం, రెండేళ్ల పైచిలుకు, తపాలా చరిత్రకారులకు పండగ. పెర్త్‌లో వేసిన ఉత్తరం మీద విక్టోరియా బిళ్ల, ఒకే కవరు మీద రెండు రాష్ట్రాల బిళ్లలు పక్కపక్కన. వీటిలో సంగ్రాహకులు కావాలని అంటించినవి కొన్ని లేకపోలేదు, ఆ జాతి అప్పుడూ ఉంది. మిగతావి మాత్రం సొరుగులో ఏ బిళ్ల ఉంటే ఆ బిళ్ల నాలుకతో తడిపి అంటించినవి. రైలు మారి, పని మారి, కాపురం మారి ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్లిన మనిషి జేబులో మిగిలిన పెన్నీ బిళ్ల అది.

1913లో వచ్చిన ఆ బిళ్ల కథ ఇంకా బాగుంటుంది. 1911లో డిజైన్ల పోటీ పెడితే వెయ్యికి పైగా వచ్చాయి. మొదటి బహుమతి హెర్మన్ ఆల్ట్‌మన్ గీసిన దానికి, అందులో ఐదో జార్జి తల ఉంది. ఈలోగా తపాలా మంత్రిగా చార్లీ ఫ్రేజర్ వచ్చాడు. ప్రధాని ఆండ్రూ ఫిషర్‌ది లేబర్ ప్రభుత్వం. ఫ్రేజర్‌కు రాజు తల నచ్చలేదు. బహుమతి బహుమతే, బిళ్ల బిళ్లే అన్నాడు. చిత్రకారుడు బ్లామైర్ యంగ్‌ను పిలిపించి, దేశపటం మధ్య కంగారూ నిలబడ్డ బొమ్మ తయారుచేయించాడు. అర పెన్నీ నుంచి రెండు పౌన్ల దాకా పదిహేను ధరలకూ అదే బొమ్మ. రాజభక్తులు గగ్గోలు పెట్టారు. 1913లోనే ప్రభుత్వం మారింది, కొత్త మంత్రి వచ్చాడు, 1914 కల్లా రాజు తల మామూలు ఉత్తరాల మీదికి ఎక్కింది. కంగారూ మాత్రం పెద్ద ధరల మీద 1940ల దాకా గెంతుతూనే ఉంది. తెల్లవారితే వాడే చిల్లర బిళ్ల మీద రాజు, పెద్ద పార్సిళ్ల మీద జంతువు! మంత్రి మారితే బిళ్ల మారడం మనకు వింత కాదు.

నిజానికి అంత దూరం పోనక్కరలేదు. నిజాం హైదరాబాదు 1869లో సొంత బిళ్ల తెచ్చి, భారత్‌లో కలిశాక 1950 దాకా దాన్ని నడిపింది. ఆ పాత బిళ్లల్లో ధర నాలుగు లిపుల్లో ఉండేది, తెలుగు అందులో ఒకటి. గోరంత బిళ్ల మీద నాలుగు లిపులు ఇరికించిన చెక్కుడు పనివాడి కంటిచూపు గురించి ఒక ప్రకరణం రాయవచ్చు. ఇంకా దగ్గరికి వస్తే, 2022లో సూళ్లూరుపేట, శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. శ్రీహరికోట పిన్‌కోడు 524124. అందులో మొదటి మూడంకెలు, 524, ఇంకా నెల్లూరువే. జిల్లా మారింది, తపాలా లెక్క మారలేదు. ఈ ఆరంకెల సూత్రాలు 1972 ఆగస్టు 15న దేశానికి ఇచ్చిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ తపాలా శాఖ అధికారి, సంస్కృత కవి. సూత్రం చిన్నదిగా ఉండాలి, సందేహం మిగలకూడదు అన్న నియమం ఆయనకు ఎక్కడ అబ్బిందో వేరే చెప్పాలా? ఈ పక్కన ఉన్న ఆటవెలది కవికి మాత్రం అబ్బలేదు.

మన కవరు ఎక్కడ ఆగింది? సంచిలో పడలేదు. సరే.

'ఊరు దాటకుండ.' ఇక్కడ పూర్వపక్షం ఒకటి ఉంది. కవరు ఊరు దాటకపోయినా దాని మీద బొమ్మగా ఉన్న రాకెట్టు దాటింది కదా, ఆ పుణ్యం దీనికి అంటదా అని. అంటదు. రాకెట్టుతో ఉత్తరం పంపినవాళ్లు వేరే ఉన్నారు. కలకత్తాలో స్టీఫెన్ హెచ్. స్మిత్ అని ఒకాయన 1934 సెప్టెంబరు 30న ఓడ మీది నుంచి సాగర్ ద్వీపం వైపు ఉత్తరాల రాకెట్టు వదిలాడు. అది గాలిలోనే పేలింది, ఉత్తరాలు చెల్లాచెదురయ్యాయి. ఆయన మానలేదు. 1935లో సిక్కిం రాజు అండతో కొండల మధ్య ఉత్తరాలు ఎగరేశాడు. అదే ఏడు జూన్‌లో దామోదర్ నది మీదుగా ఒక కోడిపెట్టను, ఒక పుంజును రాకెట్టులో పంపాడు, రెండూ బతికి దిగాయి. 1992లో ఆయన పేర తపాలా బిళ్ల వచ్చింది. స్మిత్ కవర్లలో కొన్నింటికి అంచులు కాలి ఉంటాయి. ప్రయాణం అంటే అదీ. మరీ ఎక్కువ ప్రయాణం చేసినా కష్టమే: 1971లో అపోలో 15 వ్యోమగాములు అనుమతి లేకుండా 398 కవర్లు చంద్రుడి దాకా తీసుకెళ్లి తెచ్చారు. ఆ తరువాత ఆ ముగ్గురిలో ఎవరూ మళ్లీ అంతరిక్షంలోకి వెళ్లలేదు.

శ్రీహరికోట సంగతికి వస్తే, 1971 అక్టోబరు 9న చిన్న రోహిణి రాకెట్టుతో ఇక్కడ పని మొదలైంది. 1979 ఆగస్టు 10న తొలి ఎస్‌ఎల్‌వి-3 బంగాళాఖాతంలో పడింది. 1980 జులై 18న రెండోది 35 కిలోల రోహిణిని కక్ష్యలో పెట్టింది. సరిగ్గా ఏడాదికి దాని మీద రూపాయి బిళ్ల వచ్చింది. ఇవన్నీ ప్రదర్శనలో వరసగా ఉన్నాయి. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్య ఉన్న ఈ దీవి నుంచి, రాకెట్టు కన్నా ముందు, బకింగ్‌హాం కాలువలో పడవల మీద కట్టెలు మద్రాసుకు పోయేవి. అది ప్రదర్శనలో లేదు. ఇక్కడ పల్లెలు ఉండేవి, యానాదులు ఉండేవారు. రాకెట్టు కేంద్రం కోసం వాళ్లను దీవి దాటించి అవతలి ఒడ్డుకు పంపారు. నిజంగా ఊరు దాటినవాళ్లు వాళ్లు. ఆ దశకంలోనే దేశానికి పిన్‌కోడు వచ్చింది, వాళ్లు వదిలిన పల్లెలకు మాత్రం ఆ అంకెలతో పని పడలేదు. ఆ రోజుల్లో ఆ పల్లెల్లో ఎవరికైనా కార్డు ముక్క వచ్చి ఉంటే, పోస్ట్‌మ్యాన్ దాని మీద ఏం రాసి తిప్పి పంపి ఉంటాడు? అలాంటి కార్డు ఏ బల్ల మీదైనా కనిపిస్తే నేను ఆటవెలది కాదు, సీసమే రాస్తాను. ప్రదర్శనలు పెట్టేవారికి ఆ కార్డు అక్కరలేదు, దాని ముద్ర గుండ్రంగా రాదు.

'ఉత్తరమ్మును లేక.' స్పష్టం.

'కవరు రత్నమయ్యె.' అలంకారం రూపకమని కొందరంటారు. ధర అడిగాక అతిశయోక్తి అని తేలుతుంది. రత్నాల మాట ఎత్తినప్పుడు 1948 నాటి గాంధీ పది రూపాయల బిళ్లను తలవక తప్పదు. గవర్నర్ జనరల్ కార్యాలయం వాడకానికి 'సర్వీస్' అని పైన అచ్చు కొట్టినవి వంద మాత్రమే. వాటిలో నాలుగు కలిసి ఉన్న వరస 2017లో ఐదు లక్షల పౌన్లకు అమ్ముడుపోయింది, కొన్నాయన ఆస్ట్రేలియావాడు. ఆ నాలుగూ ఏ ఉత్తరం మీదా ఎక్కలేదే, వాటినేమంటావు అని పూర్వపక్షి మళ్లీ లేస్తాడు. దీనికి సమాధానం గ్రంథవిస్తర భీతిచేత రాయడం లేదు.

తాత్పర్యం

కవి తన కవరును చూడమంటున్నాడు.

పాఠాంతరం

'గనుడు' బదులు 'గొనుడు' అని ఒక పాఠం ఉండి ఉంటుందని నా ఊహ. 'గొ'కూ 'క'కూ అచ్చు కుదరదు, యతి చెడుతుంది. కాబట్టి పండితులు ఒప్పుకోరు. కానీ తొడుగు వెనక పెన్సిలుతో రాసిన అంకె ఉంది, దాన్ని బట్టి చూస్తే యతి చెడినా ఈ పాఠమే గ్రాహ్యం.

పద్యం రాసిన ఆ పెద్దాయన బల్ల కింద అట్టపెట్టెలో ఇంకో కవరు ఉంది. 1912 నాటిది, ఒక పక్క చిరిగింది, నూనె మరక, రెండు రాష్ట్రాల బిళ్లలు పక్కపక్కన. దాని ధర అడిగితే అమ్మేది లేదన్నాడు. మరి దానికి పద్యం రాయలేదేమండీ అన్నాను.

"దానికెందుకు సామీ పద్యం? చిరునామా ఉండాది గదా" అన్నాడు.