ముప్ఫై ఆరు కడ్డీలు

మా డాబా మీద ముప్ఫై ఆరు కడ్డీలుండేవి. తొమ్మిది స్తంభాలు, స్తంభానికి నాలుగు. 1991లో సింగ్‌నగర్‌లో మూడు సెంట్ల చిల్లర స్థలంలో ఇల్లు వేసుకున్నప్పుడు, "రేపు పిల్లలు ఎదిగితే పైన వేసుకోవద్దా మాస్టారూ" అంటూ మేస్త్రి స్లాబు పైకి మూడేసి అడుగులు వదిలాడు. ఆ రేపు ముప్ఫై మూడేళ్ళు రాలేదు. కడ్డీలు మాత్రం ఖాళీగా లేవు. వాటికి దండేలు కట్టాం, వడియాల దగ్గరికి కాకులు రాకుండా నల్లగుడ్డ కట్టాం, కేబుల్ కుర్రాడు మమ్మల్ని అడక్కుండానే వైరు చుట్టి పోయాడు. బెజవాడలో ఏ డాబా ఎక్కి చూసినా ఇంతే. ఊరంతా పై అంతస్తుకి అడ్వాన్సు ఇచ్చి కూర్చున్నట్టుంటుంది.

ఇంట్లో జనం మాత్రం ఆగలేదు. రెండు పడగ్గదుల్లో నలుగురం మొదలయ్యాం. అమ్మ ఊరి నుంచి వచ్చేసింది. పెద్దవాడికి పెళ్ళయింది, కవలలు పుట్టారు. చిన్నవాడు 2020లో కరోనా పుణ్యమా అని ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు, ఇప్పటికీ అది మూయలేదు. సిగ్నల్ బావుంటుందని వాడి ఆఫీసు పూజగదిలో పెట్టాడు. సాయంత్రం ఆరున్నరకి అమెరికా మీటింగు మొదలవుతుంది, సరిగ్గా అప్పుడే అమ్మ దీపం పెట్టి గంట కొడుతుంది. అవతల వాళ్ళు మొదట్లో కంగారుపడ్డారట. ఇప్పుడు ఆ గంట వినబడకపోతే "మీ బామ్మగారు కులాసానా?" అని అడుగుతున్నారు.

అవనిగడ్డ దగ్గర మా ఊళ్ళో తాతగారికి ఈ బాధ లేదు. పెద్దకొడుక్కి పెళ్ళి కుదిరితే చూరు కింద ఒక పంచ దింపాడు. రెండోవాడికి కుదిరితే పెరట్లో నిట్రాడు పాతి తాటాకు పాక వేశాడు. వాసాలకి వెదుళ్ళు, సాయానికి నలుగురు, నాలుగు రోజుల పని. పనివాళ్ళకి చద్దన్నం, ఆవకాయ, అదే ఎస్టిమేటు. ప్లాను అప్రూవలు నాయనమ్మది. 1977 నవంబరు ఉప్పెన తర్వాతే మా నాన్న "ఇక ఇల్లంటే స్లాబే" అన్నాడు.

కట్టిన ఇంటికి వంకలు చెప్పేవాళ్ళు వేలమంది అంటారు. కట్టని గదులకి చెప్పేవాళ్ళు మా ఇంట్లోనే ఏడుగురు తేలారు. 2024 వేసవిలో నేను గళ్ళకాగితం మీద గీత గీయడం పాపం, చిన్నవాడు చప్పుడు వినబడని గది కావాలన్నాడు. అమ్మ, మెట్లెక్కక్కర్లేని మేడ కావాలంది. కవలలు స్విమ్మింగ్ పూల్ అడిగారు. కోడలు నెమ్మదిగా, "పైన చిన్న వంటగది కూడా ఉంటే అత్తయ్యగారికి శ్రమ తగ్గుతుంది కదా మావయ్యగారూ" అంది. తర్వాత మూడు రోజులు వంటింట్లోంచి గిన్నెల చప్పుడు తప్ప మాట వినబడలేదు.

సిద్ధాంతిగారు వచ్చి, నైరుతి ఖాళీగా వదలకూడదు, ఈశాన్యంలో బరువు పెట్టకూడదు, మెట్లు అక్కడ అసలే కుదరవు అన్నారు. మా స్థలంలో మెట్లు పట్టేదే ఈశాన్యంలో. మిగతా వైపుల గోడకీ ప్రహరీకీ మధ్య నేను నడవాలంటే పక్కకి తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకోవాలి. మేడ ఎక్కడానికి అప్పటిదాకా మాకున్నది ఇనప నిచ్చెన. అది శాస్త్రంలో లేదు కాబట్టి దోషం కూడా లేదన్నారు.

ఇంజినీరు కుర్రాడు శాస్త్రం మాట ఎత్తలేదు, మట్టి మాట ఎత్తాడు. మాది నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది, దాని మీదున్న ఇల్లు ఏడాదంతా కదులుతూనే ఉంటుంది. ఒక స్తంభం పక్కన గొయ్యి తీయించి పునాది చూశాడు. ఒక్క అంతస్తు మోస్తుందన్నాడు. తర్వాత డాబా ఎక్కి వైరు బ్రష్‌తో ఒక కడ్డీ గీకాడు. పొరలు పొరలుగా రాలింది. పాత కడ్డీకి కొత్త కడ్డీ జత చేయాలంటే రెండూ పక్కపక్కన దాని లావుకి యాభై రెట్లు కలిసుండాలట, అంటే 16 ఎం.ఎం. కడ్డీకి ఎనభై సెంటీమీటర్లు. మా వాటిలో గట్టిగా మిగిలింది జానెడు. "ఇవి కడ్డీలు కాదు మాస్టారూ, అప్పడాలు" అన్నాడు. వీటిని కోసేసి, స్తంభాల్లో బెజ్జాలు వేసి, మందు పోసి కొత్తవి నాటాలన్నాడు. ఆ మందు ఖరీదు విని నేను గళ్ళకాగితం మడిచి పంచాంగంలో పెట్టేశాను.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. కొండపల్లి వైపు బుడమేరు వాగుకి గండ్లు పడ్డాయి, నీళ్ళు మా వీధిలోకి, వీధిలోంచి హాల్లోకి వచ్చాయి. అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి నిచ్చెన మీదుగా డాబా ఎక్కించాం. పక్కింటి నలుగురూ గోడ దాటి వచ్చారు. మొత్తం పన్నెండు మందిమి. అప్పడాలన్న ఆ కడ్డీలకే టార్పాలిన్ కట్టాం, చీరలు అడ్డం కట్టి మూడు గదులు చేశాం. మా ఆవిడే స్టవ్వు పైకి తెప్పించి కోడలి చేతికిచ్చింది. అలా రెండో వంటగది వచ్చింది, అదీ ఈశాన్యంలో, ఎవరూ కిమ్మనలేదు. పిల్లలడిగిన స్విమ్మింగ్ పూల్ కింద తయారుగా ఉంది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కులు, 1957లో కట్టినప్పటి నుంచీ ఎన్నడూ లేనంత వరద అని ఫోన్లో చదివాడు చిన్నవాడు, దాంతో ఛార్జింగు అయిపోయింది. డ్రోను ఒకటి వచ్చి తిండి పొట్లాలు వదిలింది. అమ్మ పొట్లం విప్పుతూ చుట్టూ చూసి, "పై అంతస్తు బానే ఉందిరా, గాలి వస్తోంది" అంది. అమావాస్య ముందు రోజు, ఏ సిద్ధాంతీ పెట్టని ముహూర్తాన, కట్టని ఇంటికి అలా గృహప్రవేశం జరిగిపోయింది.

బురద కడుక్కున్నాక ఇంట్లో ఎవరూ వంకలు పెట్టలేదు. మందు ఖరీదు నేను మళ్ళీ అడగలేదు. మెట్లు పడమటి వైపు వచ్చాయి, నా పొట్టని లెక్కలోకి తీసుకోకుండా. పైన రెండు గదులు, ఒక చిన్న వంటగది. స్లాబు రోజున మేస్త్రి, "పైకి కడ్డీలు వదలమంటారా మాస్టారూ?" అన్నాడు. పునాది ఇంకో అంతస్తు మొయ్యదని ఇంజినీరు చెప్పిన మాట అందరికీ తెలుసు. అయినా అందరం ఒక్కసారే తలూపాం. ఈసారి తుప్పు పట్టకుండా వాటి మీద పల్చగా కాంక్రీటు పూయించాం. ఒక్క స్తంభం దగ్గర మాత్రం పూయనివ్వలేదు మా ఆవిడ. దండెం కట్టుకోవాలట.