అటకెక్కిన మంచుబద్దలు

మాకు కుడి ఎడమలు లేవు. చెప్పులకు ఉంటాయి, బూట్లకు ఉంటాయి, మాకు ఉండవు. మమ్మల్ని అటుదిటు మార్చి తొడుక్కున్నా ఎవరూ కనిపెట్టలేరు. అందుకే నేనొకటి, నా జోడు ఇంకొకటి అని విడగొట్టకుండా 'మేం' అనే చెప్పుకుంటాం. స్కీలు అంటారు మమ్మల్ని. పుట్టిల్లు ఆస్ట్రియా, సాల్జ్‌బర్గ్ రాష్ట్రంలో ఆల్టెన్‌మార్క్ట్ అనే ఊరు. లోపల చెక్క, దాని పైనా కిందా గాజునార పొర, అడుగున పాలిథిలిన్, రెండంచులా ఉక్కు. నడుం సన్నం, ముందూ వెనకా వెడల్పు. మనిషి కాస్త పక్కకు వాలితే చాలు, ఆ వంపే మలుపు తిప్పేస్తుంది. పొడుగు 168 సెంటీమీటర్లు. ఈ పొడుగే కూకట్‌పల్లిలో మా కొంప ముంచింది. ఫ్లాటంతా వెతికితే మేం పట్టే చోటు అటక ఒక్కటే.

మా సారు మ్యూనిక్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో శుక్రవారం సాయంత్రమే మమ్మల్ని కారెక్కించేవారు. ఇండియాకు వచ్చేసేటప్పుడు ఫ్రిజ్ అమ్మేశారు, సోఫా ఎవరికో ఇచ్చేశారు, మమ్మల్ని మాత్రం సామాన్ల కంటైనర్లో వేయించారు. "ఎందుకండీ ఇవి?" అని మేడం అడిగితే "మళ్ళీ వెళ్తాం కదా" అన్నారు. అప్పట్నుంచీ ఆవకాయ జాడీలకూ బొమ్మల కొలువు పెట్టెకూ మధ్య పడి ఉన్నాం. సారు వాళ్ళమ్మగారు మమ్మల్ని 'ఆ బద్దలు' అంటారు. పందిరికి పనికొస్తాయేమోనని ఒకసారి తలెత్తి చూశారు కూడా.

అటక కింద భోజనాల బల్ల. ఇంట్లో ఏ ముచ్చటైనా ముందు మా చెవిన పడాల్సిందే. సంక్రాంతి వెళ్ళాక ఒక రాత్రి సారు ఆల్ప్స్ మాట ఎత్తారు. పిల్లకు నేర్పించాలట. వెంటనే మేడం అడిగిన ప్రశ్న: "సెలవులెప్పుడు?" అసలు సంగతంతా అందులోనే ఉంది. తెలంగాణలో బడికి వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారంలో మొదలవుతాయి. ఈస్టరేమో మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య ఎప్పుడైనా రావచ్చు. అది దాటిందంటే ఆల్ప్స్‌లో చాలా ఊళ్ళు లిఫ్టులు ఆపేసి, హోటళ్ళకు తాళాలేసుకుంటాయి. అంటే మనవాళ్ళు సూట్‌కేసు సర్దుకునే వేళకు అక్కడివాళ్ళు దుకాణం కట్టేస్తుంటారన్నమాట.

మేడం ఫోన్లో కిట్జ్‌బూల్ ఫొటో చూపించి "ఎంత బాగుందో చూడండి" అన్నారు. బాగుంటుంది, ఎందుకుండదు. కానీ ఆ ఊరు 760 మీటర్ల ఎత్తులో ఉంది. ఏప్రిల్ చివరికి అక్కడ ఊరి వాలుల మీద పచ్చగడ్డి వస్తుంది. హోటలు రేటు, విమానం టికెట్టు చూసి ఊరు ఎంచుకునేవాళ్ళంతా ఇక్కడే బోల్తా పడతారు. వసంతంలో ముందు చూడాల్సింది ఎత్తు. ఊరి ఎత్తు కాదు, లిఫ్టు చివర దిగే చోటి ఎత్తు.

సారు వారం పాటు మూడు పేర్లు తిప్పారు. జెర్మాట్ మొదటిది. ఊరు 1,620 మీటర్లు, కేబుల్ కారు 3,883 దాకా తీసుకెళ్తుంది. పెట్రోలు కార్లకు ఊళ్ళోకి ప్రవేశం లేదు, టేష్ దగ్గర కారు దిగి రైలెక్కాలి. మేడంకు అది తెగ నచ్చింది, ఖర్చు లెక్క వేసేదాకా. రెండోది ఫ్రాన్స్‌లో టీన్య్. ఊరే 2,100 మీటర్ల మీద ఉంది, కానీ మే మొదట్లో మూసేస్తారు, మనవాళ్ళ సెలవులకు ఇరుకు. మూడోది మా పుట్టింటి పక్కదే, టిరోల్‌లోని హింటర్‌టుక్స్. 3,250 మీటర్ల దాకా లిఫ్టులు, హిమానీనదం మీద ఏడాది పొడుగునా స్కీయింగ్. మ్యూనిక్ నుంచి రైల్లో యెన్‌బాహ్, అక్కడ జిల్లర్‌టాల్ లోయ చిన్న రైలెక్కి మైర్‌హోఫెన్, ఆపైన బస్సు. సారుకు ఆ దారి కళ్ళు మూసుకున్నా వచ్చు. పైన మంచు లోపల ఒక గుహ కూడా ఉంది, స్కీ రానివాళ్ళు నడిచి చూడొచ్చు. "అమ్మా, నువ్వూ రావచ్చు" అన్నారు సారు. "ఐసు చూడ్డానికి అంత దూరమా? ఫ్రిజ్‌లో ఉంది కదరా" అన్నారు పెద్దావిడ.

హిమానీనదం కాబట్టి ఎప్పటికీ ఢోకా లేదనుకోకండి. 2022 జులైలో ఎండలకు జెర్మాట్ అంతటి చోటే వేసవి స్కీయింగ్ ఆపేసింది. మా జాతికి ఎత్తులో మిగిలిన చోట్లు కూడా ఏటేటా కరుగుతున్నాయి.

ఊరు కుదిరాక అందరూ ప్లానింగ్ అయిపోయిందనుకుంటారు. మమ్మల్నడిగితే అప్పుడే మొదలంటాం. వసంతంలో మంచుకు గడియారం ఉంటుంది. రాత్రి ఆకాశం తేటగా ఉంటే మంచు తనలోని వేడిని పైకి వదిలేసి గట్టిగా గడ్డకడుతుంది. మబ్బు పట్టిందా, చలి అంతే ఉన్నా సరిగా గట్టిపడదు. తెల్లారాక ఎనిమిదింటికి వాలంతా గాజుపలక, మా ఉక్కంచులకు పదును లేకపోతే నిలబడలేం. పదీ పదకొండు మధ్య పైపైన ఒకటి రెండు సెంటీమీటర్లు మెత్తబడుతుంది, అడుగున గట్టిగానే ఉంటుంది. ఆ గంటా గంటన్నర కోసమే మేం పుట్టాం. ఏ మలుపు అడిగినా ఇస్తుంది, జారదు, అంటదు. మధ్యాహ్నానికి నీళ్ళెక్కువైన ఉప్మా అయిపోతుంది, మోకాళ్ళు పట్టేస్తాయి. అందుకని తెలిసినవాళ్ళు సూర్యుడితో పాటు కదులుతారు. పొద్దున తూర్పు వాలు, తరవాత దక్షిణం, ఆపైన పడమర, రెండింటికల్లా కిందికి.

మధ్యాహ్నం మరో గండం, తడిమంచు చరియలు. టిరోల్‌లో సీజన్‌లో రోజూ సాయంత్రం అయిదింటికి మర్నాటి మంచుచరియల హెచ్చరిక వస్తుంది, 1 నుంచి 5 దాకా ప్రమాద స్థాయితో. వసంతంలో చాలాసార్లు ఉదయానికి ఒక పటం, మధ్యాహ్నానికి మరో పటం ఇస్తారు. పొద్దున 1 ఉన్న వాలు సాయంత్రం 3 కావచ్చు. గుర్తులు పెట్టిన దారి వదిలి పక్కకు పోవడం సారుకు పాత సరదా. ఈసారి పిల్ల వెంట ఉంటుంది కాబట్టి ఆ పప్పులేం ఉడకవని మేడం ముందే తేల్చేశారు.

ఎండ గురించి చెబితే ఎవరూ నమ్మరు. "హైదరాబాద్ వాళ్ళం, ఎండ మాకు కొత్తా?" అన్నారు మేడం. ప్రతి వెయ్యి మీటర్లకూ అతినీలలోహిత కిరణాలు సుమారు పది శాతం పెరుగుతాయి, పైగా కొత్త మంచు వాటిలో 80 శాతం దాకా తిరిగి మొహాన కొడుతుంది. గడ్డం కిందా ముక్కు కిందా క్రీము రాసుకోనివాళ్ళను చాలామందిని చూశాం.

వీసా పని మేడం చూశారు. షెంగెన్‌కు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకూ దరఖాస్తు పెట్టొచ్చు, 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. బీమా కాగితం వచ్చాక ఆవిడ చిన్న అక్షరాలు చదివారు, మా దృష్టిలో ఈ మొత్తం ప్లానింగులో ఇంతకు మించిన పని లేదు. శీతాకాలపు ఆటలకు వర్తించదని అందులో ఉంది. వాలు మీద కాలు విరిగితే హెలికాప్టర్ వస్తుంది, తరవాత వేల యూరోల బిల్లూ వస్తుంది. అదనపు కవరు కొనిపించారు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మమ్మల్ని కిందికి దింపారు. అంచుల నిండా తుప్పు, రెండు వానాకాలాలకే అంత పేరుకుంది. సారు బాల్కనీలో కూర్చుని రుద్ది రుద్ది వదిలించారు. తరవాత పసుపురంగు మైనం ముక్క తీశారు, తడిమంచుకు వాడేది. మంచులో నీరెక్కువైతే మా అడుగును పట్టి పీల్చినట్టు లాగుతుంది, ఆ మైనం నీటిని నిలవనివ్వదు. ఇస్త్రీపెట్టెకు ఆనించి కరిగిస్తూ చుక్కలు చుక్కలుగా కార్చి, ఆ పెట్టెతోనే సాపు చేశారు. వంటింట్లోంచి "ఏమండీ, ఆ ఇస్త్రీపెట్టె మళ్ళీ నా చీరల మీద పెట్టారంటే..." అని వినిపించింది. వెచ్చటి మైనం ఒంట్లోకి ఇంకుతుంటే మాకు ప్రాణం లేచొచ్చింది. వెళ్తున్నామనుకున్నాం.

ఆ తరవాత బూట్ల సంచీ జిప్పు లాగారు. ఎడమ బూటు మడమ దగ్గర పట్టుకోగానే ప్లాస్టిక్కు అప్పడంలా విరిగి చేతిలోకి వచ్చింది. వాడకపోతే వస్తువు పాడవదని మనుషులనుకుంటారు. ఆ పాలియురేథేన్‌కు తేమా వేడీ పడవు, తొడిగినా తొడగకపోయినా లోలోపల పెళుసైపోతుంది. సారు కాసేపు ఆ ముక్కను తిప్పి తిప్పి చూశారు.

బూట్లు అక్కడే అద్దెకు తీసుకుని మమ్మల్ని పట్టుకెళ్ళొచ్చు కదా అంటారేమో. మేమూ అదే అనుకున్నాం. కానీ ఇప్పటి బూట్లు చాలావరకు గ్రిప్‌వాక్ అడుగుతో వస్తున్నాయి, నడవడానికి వీలుగా వంపు తిరిగి, రబ్బరు పట్టుతో. మా బైండింగులు పాతకాలపు చదును అడుగుకు చేసినవి. పడ్డప్పుడు బూటును వదిలేసి కాలు కాపాడడమే బైండింగు పని, అడుగు సరిగ్గా కూర్చోకపోతే వదలాల్సినప్పుడు వదలదు. పైగా విమానంలో మా సంచీకి రానూ పోనూ కట్టేది, అక్కడ వారం అద్దెకు దగ్గరగా తేలింది. మాకు కడుపు మండిన మాట నిజమే, లెక్క మాత్రం సారుదే రైటు.

ఆ రాత్రే ఆన్‌లైన్‌లో అద్దె ఫారం నింపారు. మమ్మల్నింకా అటకెక్కించలేదు, గోడకు ఆనుకుని అంతా చూశాం. బైండింగు ఎంత బిగించాలో బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడుగు, స్కీ చేసే తీరు చూసి లెక్కగడతారు. యాభై నిండితే ఒక మెట్టు వదులు చేస్తారు. సారు వయసు 49 అని కొట్టారు. "నాన్నా, మార్చిలో యాభై వస్తాయిగా" అంది పిల్ల. దిద్దారు. బరువు గడిలో 74 పడింది.

"మొన్న ఆస్పత్రిలో 83 చూపించింది కదండీ" అన్నారు మేడం.

"అది బట్టలతో."

"అక్కడ బట్టల్లేకుండా స్కీ చేస్తారా?"