మీటరుకింత స్వాతంత్ర్యము

ఉద్యోగమనగా దాస్యమనియు, నెలజీతమనగా సంకెలయనియు, ఎవనికి వాడే యజమానియై, ఇష్టమైన వేళ లేచి, ఇష్టమైనంత పనిచేసి, చేసినదానికే ప్రతిఫలమందుకొనుట నాగరికతకు పరాకాష్ఠయనియు ఈ నడుమ పట్టణములలోని పండితులు ప్రవచించుచుండగా విని, అట్టి ముక్తపురుషులను కన్నులార చూడవలెనను కోరికతో, బెంగుళూరునకో హైదరాబాదునకో పోక, నేను తిన్నగా సూరతునకు పోయితిని. పోవుటకు కారణములు రెండు. మా అక్క అచ్చట నున్నది గనుక భోజనవ్యయము లేదు. రెండవది, ఆ నగరమునకు ఈ ముక్తి కొత్తది కాదు.

1613లో జహంగీరు ఫర్మానాతో ఆంగ్లేయులు సూరతున స్థిరపరచుకొన్న ఫ్యాక్టరీలో మగ్గమన్నది లేదు. అది సరకు నిలువచేయు కోఠీ మాత్రమే. దొరలు దళారులకు బయానా నిత్తురు. దళారులు నేతగాండ్ర కిత్తురు. నేతగాడు తన యింట, తన మగ్గముపై నేయును. గుడ్డ నచ్చినచో ధర, నచ్చనిచో బాకీ. ఇంటినుండియే పనిచేయు మహావిద్యను మొన్నటి కరోనా కనిపెట్టినదని భ్రమపడువారు ఈ సంగతి గమనింతురు గాక.

మా అక్క కాపురము లింబాయత్‌లో. సిరిసిల్ల, కరీంనగరు, వరంగల్లు ప్రాంతములనుండి వలసపోయిన పద్మశాలీ కుటుంబములు ఆ సందులలో పెక్కు కలవు; నగరపాలక సంస్థవారు తెలుగు మాధ్యమమున సైతము బడులు నడుపుచున్నారన్నచో మనవారి సంఖ్యను పాఠకులే ఊహించుకొనవచ్చును. మా బావ సాంచా, అనగా మరమగ్గము, నడుపును. సిరిసిల్లలో పిక్కుల, అనగా పేకపోగుల, లెక్కన కూలి, ఇచ్చట మీటరు లెక్కన. పాళి పన్నెండు గంటలు. ముప్పది యేండ్లు సాంచాల హోరులో మాటలాడినవాడగుటచే, విస్తరి ముందు ఉప్పు అడిగినను ఊరేగింపులో నినాదమువలె నుండును. దూది నూగు కనుబొమలను ఏనాడో నెరపినది. కరెంటు పోయినచో సాంచా ఆగును, సాంచా ఆగినచో మీటరు ఆగును. ఇంటి అద్దె మాత్రము కరెంటుతో నడుచునది కాదు గనుక ఆగదు. దీపావళికి ఖాతాలు, అనగా సాంచాల కొట్టములు, మూతపడిన దినములలో కావలసినంత సెలవు. పగార్ ప్రసక్తి మాత్రము లేదు.

భవిష్యనిధి యేమైన కలదా యని యడుగగా బావ నవ్వెను. పద్మశాలీలు మార్కండేయ మహర్షి సంతతివారు. ఆ మహర్షియో నిత్యము పదునారేండ్లవాడు. అట్టి వంశమున వార్ధక్యమేల, దానికి పింఛనేలయని సాంచాల యజమానియు శాస్త్రజ్ఞుడునైన సేఠ్ నిర్ణయించుకొని యుండును.

బిరుదులకు మాత్రము ఆ నగరమున కొదువ లేదు. వజ్రములకు సానపట్టు కార్మికుని అచ్చట ‘రత్నకళాకార్’ అందురు. అతడును రాయికింతయని కూలి పుచ్చుకొనువాడే. పెంటగనును మించిన మేడయని కీర్తిగాంచిన వజ్రవిపణి భవనమును 2023 డిసెంబరులో ప్రధానమంత్రి ప్రారంభించిరి. ఆ కాలముననే విదేశములలో గిరాకీ తగ్గి, కళాకారుల చేతులలోని సానలు నెమ్మదించినవి. పూర్వము రాజులు కళాకారులకు అగ్రహారము లిచ్చెడివారు. 2025 మే నెలలో గుజరాత్ ప్రభుత్వము ఈ రత్నకళాకారుల బిడ్డకు ఏటికి 13,500 రూపాయలు మించకుండ బడి రుసుము కట్టెదమని ప్రకటించినది. కళాపోషణ యింకను అడుగంటలేదని సంతోషింపవలెను.

మన ప్రభుత్వములును వలసనేతగాండ్రను మరచినవి కావు. 2017లో తెలంగాణమున బతుకమ్మ పండుగకు పంచిన చీరలలో కొంతభాగము సూరతునుండి తెప్పించినదే. బతుకుతెరువు వెదకుకొనుచు ఊరు విడిచిన నేతగాడు తిరిగి రాలేకపోయినను, సూరతు చీర తెలంగాణమునకు ప్రభుత్వ వ్యయముతో వచ్చినది. ఆ యేడు అక్టోబరులోనే, వలసపోయినవారిని వెనుకకు రప్పించు సంకల్పముతో, వరంగల్లు చెంత కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కునకు శంకుస్థాపన జరిగినది. బావ యింకను సంచి సర్దుకొనలేదు.

ఇక చట్టము. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. సాంప్రదాయికమైన యజమాని–ఉద్యోగి సంబంధమునకు వెలుపల పనిచేసి సంపాదించువాడు గిగ్ వర్కరని అందలి నిర్వచనము. ఇట్టివారు 2020–21లో 77 లక్షలనియు, 2029–30 నాటికి 2.35 కోట్లగుదురనియు నీతి ఆయోగ్ లెక్కగట్టినది. ఈ నిర్వచనమును నేను గంభీరముగా చదివి వినిపింపగా బావ చెవియొగ్గి విని, “బయట పనిచేసేటోడా? మరి మా సేఠ్ నన్ను లోపటికి ఎప్పుడు రానిచ్చిండు, బామ్మర్దీ?” అనెను. యాప్ నడుపు సంస్థలు తమ వార్షిక వ్యాపారములో నూటికొకటి రెండు పాళ్లు కార్మికుల నిధికి ఈయవలెనట. సాంచాకు యాప్ లేదు. కావున ఆ నిధి మా బావ గుమ్మము తొక్కదు.

ఆ యింట యాప్ గలవాడు మేనల్లుడొక్కడే. వాడు చీరలకు ఫొటోలు దీసి, అద్దె చెల్లింపవలసిన అవసరములేని తన సెల్‌ఫోను దుకాణమున వ్రేలాడదీయును. “నేను ఫ్రీలాన్సర్‌ను మామా, నాకు బాస్ లేడు” అని వాడనుచుండగనే ఫోను మ్రోగెను. రాజమండ్రిలో నెవరో ఇల్లాలు రంగు నచ్చలేదని చీర తిప్పి పంపినదట. రానుపోను ఖర్చు వానిదేనట. బాస్ లేనివానికి ఊరూర నొక బాస్.

అక్క గోడకానుకొని కూర్చుండి యుండెను. ఒకవైపు కొండవలె చీరలు. ఎంబ్రాయిడరీ యంత్రము ఒక పువ్వునుండి మరియొక పువ్వునకు దుముకునపుడు వెనుకవైపున దారము వ్రేలాడవిడుచును. ఆ దారములను అంటగోయుట అక్క పని. ఎడమచేతి బొటనవ్రేలితో కొస తడిమి, కుడిచేతి చిన్న కటరుతో చిటుక్కున త్రుంచును. చూపు గుడ్డపై లేదు, పొయ్యిమీది పాలపై నున్నది. వ్రేళ్లకే కన్నులు మొలచినట్లుండెను. వెంట్రుకవాసి తప్పినచో గుడ్డకు చిల్లుపడును. చీరవెల అక్క కూలిలో తెగును. వేళాపాళా లేదు, అడుగువాడు లేడు. పాలు పొంగినపుడు లేవవచ్చును. పండితులు వర్ణించిన స్వేచ్ఛ అక్షరాల నిదియే. బోనసు, సెలవు, వైద్యము, పింఛనను నాలుగు బంధములనుండి ఆ గదిలో ముగ్గురును విముక్తులే. కాకపోతే విముక్తి ఎవరికి లాభించినదో చూచినచో, ఆ బంధములు తెగినది సేఠ్ కాలివే.

ఈ తత్త్వమును కాగితముమీద పెట్టుకొనుచున్న నన్ను చూచి, కటరు ఆపకయే అక్క అడిగినది:

“గది రాస్తె నీకేమిస్తరు, తమ్మీ?”

“అచ్చయితే వ్యాసానికింతని ఇస్తరక్కా.”

“అచ్చు కాకుంటే?”

“ఏమీ ఇయ్యరు.”

అక్క ఒడిలోని రంగురంగుల దారపు తునకలను దులుపుకొని, ప్రక్కనున్న చీరల కట్ట నొకటి నా వైపు జరిపి అనినది: “అయితే ఇట్ల కూసో. గీ కటరు పట్టు. మాకు కోసినదానికన్న ఇస్తరు.”