పెరిగే కాలికి పెరగని బూటు

కరీంనగర్ టవర్ సర్కిల్‌లో చెప్పుల దుకాణం మెట్లెక్కే నాన్నల నోట ఒకటే మాట వినిపిస్తుంది: “రెండు నంబర్లు పెద్దదియ్యి, పెరిగే పోరడు.” యూనిఫాం ప్యాంటు అంచున నాలుగు వేళ్ల మడత, బూటు ముక్కులో దూది ఉండ, చేతులు దాటి వేలాడే స్వెటరు. మూడేళ్ల ముందుచూపుతో సంసారం నడిపే మనుషులు వీళ్లు. అటువంటి ఇంట్లో ఒక కొడుకు వరుస చక్రాల బూట్లతో ఆడే ఇన్‌లైన్ హాకీ ఆడతానన్నాడు.

ఆ తండ్రిని స్కేటింగ్ నాన్న అందాం. కరీంనగర్‌లోనూ ఉంటాడు, ఆదిలాబాద్‌లోనూ ఉంటాడు. పొద్దున్నే చేతిలో నీళ్ల సీసా, భుజాన పిల్లవాడి సంచి, జేబులో చిన్న పానా. కొడుక్కి కొన్న మొదటి జత ఆయన మనసెరిగిన వస్తువు. పానాతో స్క్రూ వదులు చేసి లాగితే చాలు, పొడుగవుతుంది. ముందు రెండు, వెనుక రెండు చక్రాలున్న ఆ ఒక్క జతతోనే రెండో తరగతి నుంచి ఐదో తరగతి దాకా లాక్కొచ్చాడు.

“స్కేటింగ్ తోని ఏమొస్తది సార్?” అని పక్కింటాయన అడిగితే స్కేటింగ్ నాన్న గొంతు సవరించుకుంటాడు. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యమ రెండు కాంస్యాలు తెచ్చాడనీ, 2015లో అర్జున అవార్డు అందుకున్నాడనీ, 2025లో తమిళనాడు కుర్రాడు ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ చైనాలో 1000 మీటర్ల ప్రపంచ విజేత అయ్యాడనీ ఊపిరి తీసుకోకుండా చెప్తాడు. వాళ్లలో ఒకరిది ఆర్టిస్టిక్, మరొకరిది స్పీడ్. హాకీ ఎవరిదీ కాదు. ఆ సంగతి పక్కింటాయన అడగలేదు, ఈయన చెప్పలేదు.

చిక్కంతా కోచ్ నోటి నుంచి వచ్చిన ఒక్క ముక్కతో మొదలైంది. “సార్, హాకీ బూటు ఐస్ స్కేట్ లెక్క పట్టుండాలె.”

ఐసా? ఆయన ఎరిగిన ఐసు సోడా బండి మీదిదే. తెలంగాణలో చలికి పేరుమోసిన ఆదిలాబాద్‌లో పాదరసం 5 డిగ్రీలకు జారినా, నీళ్లు గడ్డకట్టాలంటే ఇంకో 5 తక్కువే. 1920 నుంచి మంచు మీద స్కేటింగ్ చేస్తున్న సిమ్లా ఈయనకు హనీమూన్ ఫొటోల్లో మాత్రమే తెలుసు.

కోచ్ మాటలో తప్పు లేదు. 1980లో అమెరికాలోని మిన్నెసోటాలో స్కాట్, బ్రెన్నన్ ఓల్సన్ అనే అన్నదమ్ములు వరుస చక్రాల స్కేట్లకు కొత్త రూపం ఇచ్చిందే ఐస్ హాకీ ఆటగాళ్లు ఎండాకాలంలో ఖాళీగా కూర్చోకూడదని. అందుకే ఇన్‌లైన్ హాకీ బూటు ఐస్ బూటుకు తోబుట్టువు. కింద కత్తికి బదులు నాలుగు చక్రాల ఫ్రేము, అంతే తేడా. మడమ బూటులో జారితే కాలు తిరిగిన తర్వాతెప్పుడో చక్రం తిరుగుతుంది. ఈలోగా పక్ అనే ఆటబిళ్ల ఎదుటివాడి కర్రకు చేరుతుంది.

దుబాయిలో బామ్మర్ది ఉన్నాడు. కరీంనగర్ జిల్లాలో దుబాయిలో బామ్మర్ది లేనివాడు అరుదు. అక్కడ మాల్‌లోనే ఒలింపిక్ కొలతల ఐస్ రింక్ ఉంది కాబట్టి బూట్ల బాధ్యత అతని మీద పడింది.

“బావా, సైజు చెప్పు.”

“ఐదు. నువ్వు ఏడు పట్రా.”

“గట్ల గాదు బావా, దుకాణపాయన నాలుగున్నర అంటున్నడు.”

మన దుకాణంలో 5 అంటే బ్రిటన్ లెక్క. అమెరికా లెక్కలో అది దాదాపు 6. హాకీ బూటుకు అక్కడి నుంచి మళ్లీ ఒకటో, ఒకటిన్నరో తగ్గించాలి. ఐదుతో బయల్దేరి ఆరెక్కి నాలుగున్నరకు దిగిన ఈ లెక్కలో తన జేబు ఎక్కడో కోతకు గురవుతోందని స్కేటింగ్ నాన్నకు గట్టి అనుమానం. వెడల్పు సంగతి వచ్చేసరికి ముఖం మళ్లీ వెలిగింది. బాయర్ కంపెనీ సన్న కాలికి ఫిట్ 1, నడిమి కాలికి ఫిట్ 2, వెడల్పు కాలికి ఫిట్ 3 అని మూడు రకాలు చేస్తుంది. “మూడే పెద్దది గద, గదే పట్రా!” చివరికి భార్య పాత పేపరు పరిచి, కొడుకు పాదం చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, స్కేలు పక్కన పెట్టి తమ్ముడికి ఫొటో పంపింది. ఫిట్ 2 వచ్చింది.

పెట్టె తెరవగానే తండ్రి వెతికింది బ్రేకు. సరదా ఇన్‌లైన్ స్కేట్లకు మడమ వెనుక రబ్బరు దిమ్మ ఉంటుంది. హాకీవాటికి ఉండదు, పక్కకు తిరిగి చక్రాలను నేలకు రాస్తూ ఆగాలి. “గింత పైసలు పోసి బ్రేకు లేని బండి కొన్నమా?” అని ఆయన గొణుగుతుంటే కోచ్ పరీక్ష మొదలుపెట్టాడు. పిల్లవాడిని నిటారుగా నిలబెట్టాడు. బొటనవేలు బూటు ముక్కును తాకీ తాకనట్టు ఉంది. మోకాళ్లు వంచమన్నాడు. పాదం వెనక్కి సర్దుకుని మడమ గూట్లో కూర్చుంది. మడమ వెనుక తన చూపుడువేలు దూర్చబోయాడు, దూరలేదు. తర్వాత లేసులు వదులు చేసి, నాలుకను ముందుకు లాగి, పైనుంచి మూడో రంధ్రాల జంట మీద పెన్సిల్ అడ్డంగా పెట్టాడు. పెన్సిల్ పాదాన్ని తాకకుండా రెండంచుల మీదా ఆనింది. తాకితే బూటు లోతు చాలదన్నట్టు.

“బిడ్డా, నొస్తుందారా?” “లేదు డాడీ, పట్టుకుంది.” తండ్రికే నొచ్చింది.

కొన్ని బూట్లను దుకాణంలోని ప్రత్యేక ఓవెన్‌లో కాసేపు వేడిచేసి, తొడిగి బిగిస్తే పాదం ఆకారానికి ఒదుగుతాయని ఆయనకు తెలిసింది. మే నెల కరీంనగర్ డాబా ఉండగా ఓవెనెందుకని బూట్లు పట్టుకుని మెట్లెక్కాడు. జిగురు ఊడుతుందని కోచ్ ఫోన్‌లో కేకేస్తే దిగాడు. చక్రాల దగ్గరా అంతే. 76ఏ గట్టిదనం లోపలి నున్నటి నేలకు, 84ఏ బయటి సిమెంటుకు అని చెబితే, మెత్తటివి కాలికి సుఖమని మొదటివే బిగించాడు. గరుకు సిమెంటు మీద అవి పెన్సిల్ రబ్బరులా అరిగాయి.

ఏడాది తిరక్కముందే పిల్లవాడి కాలు పెరిగింది. స్కేటింగ్ నాన్న బూట్లు తుడిచి, ఫొటో తీసి, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో అమ్మకానికి పెట్టాడు. ఆదిలాబాద్ నుంచి ఇంకో నాన్న ఫోన్ చేశాడు. “అన్నా, మావోనికి రెండు నంబర్లు పెద్దగైతయి గనీ, పెరిగే పోరడు గద, తీసుకుంట.”

“రేటు తర్వాత మాట్లాడుదం తమ్మీ,” అన్నాడు ఈయన. “ముందుగాల పోరన్ని మోకాళ్లు వంచి నిలవెట్టి వీడియో పంపు.”