దాచుటయా, భద్రపరచుటయా?

అరవవారి నానుడిలో తిరువారూరునకు తేరు అందము, మా విరించిపురమునకు ప్రాకారము అందము. నాకు మాత్రము ఆ మార్గబంధేశ్వరుని గుడిలోని ఒక శాసనము తలపునకు వచ్చినప్పుడెల్ల, లోకమందలి సంఘ కార్యదర్శులందరిపైనను జాలి కలుగును. శకము 1347లో, రెండవ దేవరాయల యేలుబడిలో, పడైవీటి రాజ్యమందలి కన్నడ, తమిళ, తెలుగు, లాట బ్రాహ్మణులు కూడి, ఇకమీదట పెండ్లిండ్లు కన్యాదానముగానే జరుగవలెననియు, పిల్లకు బంగారము పుచ్చుకొనినవాడును ఇచ్చినవాడును రాజదండనకు గురియై వెలిపడుదురనియు సమయపత్రము వ్రాసికొని రాతిపై చెక్కించిరి. ఆ ఏకాభిప్రాయమునకు ఎన్ని విస్తళ్లు లేచెనో శాసనము చెప్పదు. అయినను 1897 నాటికి గురజాడవారు కన్యాశుల్కమును అచ్చువేయింపవలసియే వచ్చెను. నేడు బంగారము దిక్కు మార్చుకొని ప్రవహించుచున్నది.

అంతటి సభకే అట్లయినచో మా యేడుగురి సంగతి చెప్పనేల? ఎవరైనను ఉచితముగా వాడుకొని, మార్చుకొని, పంచిపెట్టదగిన ఒక స్వేచ్ఛా సాఫ్టువేరును తెలుగు చేయుటకు, జీతబత్తెములు లేకుండ కూడినవారము మేము. 'సేవ్' అను మీటకు తెలుగేమి? గుడియాత్తం మిత్రుడు 'దాచు' అనెను. అవ్వ డబ్బు దాచును, ఆవకాయ దాచును. ఇంతకన్న చక్కని తెలుగు మాట యేది? కాని 'హైడ్' మీటకు అప్పటికే 'దాచు' అని యున్నది! వ్రాసినదానిని దాచబోయి మాయము చేసికొనువాని గతి యేమని మరియొకరు ప్రశ్నించిరి. పొదుపునకును మరుగునకును మనవారు ఒక్కటే మాట వాడుట ఊరకనే కాదు. ఇల్లాలు దాచిన సొమ్ము ఇంటాయనకు ఎన్నడైన కనబడినదా? 'భద్రపరచు' అన్నచో మీటలో పట్టదనిరి. 'సేవ్' అనియే యుంచుడనిన పెద్దమనిషిని భాషాద్రోహి యనిరి. (ఆ ద్రోహిని నేనే.)

ఐదు నెలలు గడచిన పిదప నేను, మావలెనే స్వేచ్ఛా సాఫ్టువేరుకై కూడిన డెబియన్ సంఘమువారి దృష్టాంతము తెచ్చితిని. వారు 1998లో రాజ్యాంగము ఏర్పరచుకొనిరి; ఓటరులు పక్షములను ఇష్టక్రమమున వరుస పేర్తురు; వారి తీర్మానముల ఓటుపత్రములలో 'మరింత చర్చ' అనునదియు చిరకాలము ఒక అభ్యర్థివలె నిలిచెడిది. మేమును అట్లే ఓట్లు వేసితిమి. 'మరింత చర్చ' ఘనవిజయము సాధించెను.

ఆ రాజ్యాంగముననే ఇంకొక నియమము కలదు: అప్పగించిన పని ఇష్టము లేనివాడు చేయనక్కరలేదు, నిబంధనలకు అడ్డుపడకున్న చాలును. చదివి నవ్వితిని గాని, కాదనుటకు తోచలేదు. మూలమంతయు బహిరంగమైనచోట ఎవనిని వెలివేయగలము? వాడే ఒక ప్రతి పట్టుకొనిపోయి వేరు కుంపటి పెట్టును. కావున అక్కడ మాట చెల్లునది పని చేయువానికే.

ఇది గ్రహించుటకు నాకు రాజ్యాంగము చాలలేదు. మా సభ ముఖమెరుగని కుర్రవాడొకడు ఒక రాత్రి కూర్చుండి, మిగిలిన మాటలన్నియు తెలుగు చేసి, 'సేవ్' మీటపై 'భద్రపరచు' అని వ్రాసి, అందరికిని విడుదల చేసెను.

మీటలో పట్టినది.